బరువైన స్టూడియో సామాను మోసే బల్ల ఇంట్లోనే చేయించాలి: ప్లై, టేకు, ఇనుము, ఏది మేలు?

గోదారిగట్టు (రాజమండ్రి)

అందరికీ నమస్కారమండి. ఇంట్లో మేడ మీద గదిని (11 × 10 అడుగులు) స్టూడియోగా మార్చుకుని జానపద పాటలు, భజన బృందాల పాటలు రికార్డు చేస్తుంటాను. ఇన్నాళ్ళూ ఆన్‌లైన్‌లో కొన్న కంప్యూటర్ టేబుల్ మీదే పని నడిచింది. పోయిన ఏడాది బెహ్రింగర్ ఎక్స్32 మిక్సర్ తీసుకున్నాను. దాని బరువే 20.6 కిలోలు. ఎనిమిది నెలలు తిరిగేసరికి బల్ల నడుం వంగిపోయింది.

మొదట కంటికి ఆనలేదు. ఒకరోజు మిక్సర్ ముందు పెన్సిల్ పెడితే దానంతట అదే మధ్యకు దొర్లింది. అనుమానం వచ్చి ఈ చివర నుంచి ఆ చివరకు దారం బిగించి లాగి, స్కేలు పెట్టి చూశాను. మధ్యలో దారానికీ బల్లకూ 14 మి.మీ. సందు. కింద దూరి చూస్తే పక్క పలకల్లో స్క్రూలు సగానికి బయటికి వచ్చి, వాటి చుట్టూ పొట్టు రాలుతోంది. ఆ రాత్రే మిక్సర్ దించి నేల మీద దుప్పటి పరిచి పెట్టాను. పడుంటే ఏమయ్యేదో అని తెల్లవార్లూ టెన్షనే.

ఇప్పుడు ఆరడుగుల బల్ల గట్టిగా చేయించుకుందామని. పెట్టాల్సినవి: మిక్సర్, యమహా హెచ్‌ఎస్8 స్పీకర్లు రెండు (ఒక్కోటి 10.2 కిలోలు), 12 యూనిట్ల ర్యాకు (రికార్డింగు పరికరాలు ఒకదాని మీద ఒకటి బిగించే పెట్టె) సామానుతో కలిపి 35 కిలోలు, కంప్యూటర్ తెరలు రెండూ కలిపి 10, 88 కీల స్టేజ్ పియానో 22. అన్నీ కూడితే 108 కిలోలు. మా వీధిలో కార్పెంటర్ ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో అదిమి చేసే పలక) అంటున్నాడు. మా నాన్నగారేమో పాత పెంకుటింటి టేకు తలుపులు, దూలం ముక్కలు అటక మీద ఉన్నాయి కదా అంటున్నారు. చేయించుకున్నవాళ్ళు, చేసినవాళ్ళు మీ అనుభవం చెప్పండి.

వడ్రంగి (వరంగల్)

తమ్ముడూ, ముప్పై ఏళ్ళుగా చెక్క పనిలో ఉన్నాను. మీ టేబుల్ వంగింది ఒక్క బరువు వల్లే కాదు. అలాంటి టేబుళ్ళకు సాధారణంగా 18 మి.మీ. పార్టికల్ బోర్డు వాడతారు. చెక్క పేళ్ళను జిగురుతో అదిమి చేసే పలక అది. పెట్టిన రోజు బాగానే మోస్తుంది. అదే బరువు నెలల తరబడి కదలకుండా ఉంటే మెల్లమెల్లగా కుంగుతుంది. బరువు తీసేసినా మళ్ళీ పూర్తిగా పైకి లేవదు. ఎండీఎఫ్ గుణమూ అంతే, కాస్త నయం. పైగా 18 మి.మీ. ఎండీఎఫ్ 8 × 4 షీటు 40 కిలోల దాకా తూగుతుంది. ఆ బరువునూ బల్లే మోయాలి కదా. కప్‌బోర్డు తలుపులకు, డిజైన్ కోతకు ఎండీఎఫ్ బాగుంటుంది. పొడవు బల్లకు నేను వాడను.

నేనైతే 18 మి.మీ. ప్లై షీట్లు రెండు అతికించి 36 చేస్తాను. మందం రెట్టింపైతే గట్టిదనం ఎనిమిది రెట్లు అవుతుంది. కానీ జిగురు లేకుండా ఊరికే ఒకదాని మీద ఒకటి పరిస్తే రెండు రెట్లే. అందుకని జిగురు పని దగ్గర నిలబడి చేయించుకోండి. ముద్దలు ముద్దలుగా పెడితే కుదరదు, పళ్ళున్న రేకుతో మూలమూలకూ పరవాలి. కింది నుంచి ఆరంగుళాలకొక 30 మి.మీ. స్క్రూ వేసి, రాత్రంతా పైన సిమెంటు బస్తాలు పెట్టాలి.

షాపులో ప్లై చూడటం ఎలాగో కూడా చెప్తాను. షీటు మీద ఐఎస్ 303 (మామూలు ప్లై ప్రమాణం) ముద్ర ఉండాలి, గోడకు చెమ్మ ఉంటే ఐఎస్ 710 తీసుకోండి. ముద్ర చూసి ఊరుకోవద్దు. కింద కూర్చుని షీటు అంచు చూడండి. పొరల మధ్య నల్లటి సందులు కనబడితే వదిలేయండి. తర్వాత రూపాయి బిళ్ళతో అడుగడుగునా కొట్టుకుంటూ పోండి. నిండుగా ఉన్నచోట టక్కుమంటుంది, లోపల ఖాళీ ఉన్నచోట డొల్లగా పలుకుతుంది. మీరు చెవి పని చేసేవాళ్ళు, నాకంటే మీకే తొందరగా తెలుస్తుంది. నేను కొత్త షాపులో కొంటే ఒక ముక్క ఇంటికి తెచ్చి నాలుగైదు గంటలు నీళ్ళలో ఉడకబెడతాను. పొరలు విడిపోతే ఆ షాపు గడప మళ్ళీ తొక్కను.

నాన్నగారి టేకు ఎన్నేళ్ళ నాటిది? ఫొటో ఉంటే పెట్టండి.

వెల్డింగ్ షాపు (విజయవాడ ఆటోనగర్)

చెక్కకు నేను అడ్డు చెప్పను గానీ, కింద ఇనప చట్రం లేకుండా ఆరడుగుల బల్ల వద్దండి. 40 × 40 మి.మీ. స్క్వేర్ పైపు, 16 గేజి (1.6 మి.మీ. మందం) తీసుకోండి. మీటరుకు రెండు కిలోలలోపే ఉంటుంది. రెండడుగుల వెడల్పున్న 18 మి.మీ. పార్టికల్ బోర్డు పలక మొత్తం వంగకుండా ఎంత ఆపుతుందో, ఈ ఒక్క పైపు దానికి పదిహేను రెట్లకు పైగా ఆపుతుంది. పలక కింద ముందొకటి, వెనకొకటి పోనిస్తే చాలు.

చోటు తక్కువైతే 2 × 1 అంగుళాల పైపు వాడొచ్చు. కానీ నిలబెట్టి వేయాలి, పడుకోబెట్టి కాదు. అదే పైపు, అదే బరువు, నిలబెడితే మూడు రెట్లు గట్టి. మోకాళ్ళకు తగులుతుందని పడుకోబెట్టమంటారు చాలామంది. తర్వాత ఊగుతోందని మళ్ళీ నా దగ్గరికే వస్తారు.

ఇంకోటి, అందరూ కిందికి వంగడం గురించే ఆలోచిస్తారు. నాలుగు కాళ్ళు నిటారుగా నిలబెట్టి పైన పలక వేస్తే పక్కలకు ఊగుతుంది. వెనక రెండు కాళ్ళ మధ్య ఏటవాలుగా ఒక పట్టీ వేయించండి. ఏటవాలు పట్టీ వైర్లకు అడ్డం అనుకుంటే, ఎనిమిది అంగుళాల వెడల్పున్న ప్లై పలక అడ్డంగా బోల్టులతో బిగించండి.

శబ్దం (హైదరాబాద్)

సౌండ్ ఇంజనీరుగా పని చేస్తున్నాను, నాలుగు స్టూడియోల బల్లలు దగ్గరుండి చేయించాను. గోదారిగట్టు గారూ, మీ లిస్టు చూడగానే నాకు తట్టింది ఒకటే. స్పీకర్లు బల్ల మీద ఎందుకు?

హెచ్‌ఎస్8 బల్ల మీద ఉంటే బేస్ కొట్టినప్పుడల్లా బల్ల కూడా వాయిద్యంలా మోగుతుంది. డోలు, డప్పు ఎక్కువగా ఉండే మీ పాటల్లో ఆ ఉబ్బు పాటలోదే అనుకుని ఈక్యూలో (స్వరాల హెచ్చుతగ్గులు సర్దే చోట) కోసేస్తారు. బయట కారులో వింటే డప్పు పలచగా వినిపిస్తుంది. నాకు రెండేళ్ళు ఇలాగే జరిగింది. వాటిని విడి స్టాండ్ల మీద, బల్ల వెనక, బల్లకు తగలకుండా నిలబెట్టండి. ట్వీటర్ (స్పీకర్‌లో సన్నటి స్వరాలు పలికే చిన్న భాగం) మీ చెవి ఎత్తులో ఉండాలి. రెండు స్పీకర్లూ మీ తలా కలిపి సమబాహు త్రిభుజం. స్టాండ్లు కూడా స్క్వేర్ పైపుతోనే చేయించి లోపల ఇసుక నింపండి. ఖాళీ పైపును వేలితో కొడితే గంటలా మోగుతుంది, ఇసుక నింపాక కొడితే దప్పుమని ఆగిపోతుంది. మీకు గోదావరి ఇసుక ఇంటి పక్కనే. కడిగి, నాలుగు ఎండలు ఎండబెట్టి, జల్లించి పోయండి. 40 × 40 పైపులో మీటరుకు రెండు కిలోల పైచిలుకు పడుతుంది.

బల్ల పైభాగం కూడా స్పీకర్ ధ్వనిని మీ ముఖం మీదికి తిప్పి కొడుతుంది. నేరుగా వచ్చే ధ్వని, బల్ల మీద తగిలి వచ్చే ధ్వని కొద్ది తేడాతో కలిసినప్పుడు కొన్ని స్వరాలు చచ్చిపోతాయి, కొన్ని లేస్తాయి. చెక్క మార్చినా ఇది పోదు. బల్ల లోతు తగ్గించుకోవడమే మార్గం. 30 అంగుళాలకు మించనివ్వకండి. గాజు పలక అస్సలు వద్దు.

వెల్డింగ్ షాపు (విజయవాడ ఆటోనగర్)

ఇసుక మాటకు ఒకటి కలుపుతాను. వెల్డింగ్ అంతా అయిపోయి, పైపు చల్లారాకే ఇసుక పోయాలి. ముందే పోస్తే లోపలి చెమ్మ ఆవిరై ఒక్కసారిగా తన్నుతుంది, చేతుల మీదికి వస్తుంది. తడి ఇసుకైతే పైపు లోపలి నుంచి తుప్పు పడుతుంది.

బండరాయి (ప్రొద్దుటూరు)

మా వైపు వంటింటి గట్టు ఎలా కడతామో, నేను స్టూడియో బల్లనూ అలాగే కట్టుకున్నా. మూడడుగులకొక ఇటుక దిమ్మె, పైన 20 మి.మీ. కడప బండ. అయిదడుగుల పొడవు, రెండున్నర వెడల్పు ముక్క 60 కిలోల దాకా ఉంటుంది. మేం నలుగురం ఎత్తినాం. ఆరేళ్ళయింది, జరగలేదు, ఊగలేదు, చెదలు లేదు.

ఇబ్బందులూ చెప్తా. వైర్ల బెజ్జాలు బండ కోసేవాళ్ళ దగ్గరే ముందు వేయించుకోవాల. ఎక్కించినాక వేస్తామంటే పగిలే భయం. దిమ్మెల మధ్య ఎడం మూడడుగులు దాటించొద్దు. రాయి వంగదు, ఒకేసారి విరుగుతుంది. గొంతు రికార్డు చేసేటప్పుడు మైకు బల్ల దగ్గర ఉంటే గదిలో చప్పుడు గరుగ్గా వచ్చేది. మందపాటి ఉన్ని దుప్పటి పరిచినాక సర్దుకుంది. అద్దె ఇల్లయితే ఈ ఆలోచనే పెట్టుకోవద్దు.

శబ్దం (హైదరాబాద్)

బండ ముక్కలు చిన్నవి మిగిలితే పారేయకండి. 10 అంగుళాల చదరం ముక్క, కింద దళసరి రబ్బరు పెట్టి, స్పీకర్ స్టాండు మీద వేసి చూడండి. నేను గ్రానైట్ షాపులో మిగిలిన ముక్కలు తెచ్చి ఇలాగే వాడుతున్నాను.

డాలస్_తెలుగు (టెక్సాస్)

ఇక్కడ చాలామంది బాల్టిక్ బర్చ్ (బర్చ్ చెట్టు కర్ర) ప్లై వాడతారు. 18 మి.మీ. షీటులో 13 పొరలు ఉంటాయి, లోపల సందులు దాదాపు ఉండవు. 2022లో రష్యా సరుకు మీద సుంకం పెంచాక ధర బాగా ఎక్కింది. నేను వేరే దారి పట్టాను. సాలిడ్ కోర్ (లోపల బోలు లేని) తలుపు కొని బల్ల చేసుకున్నాను. 80 అంగుళాల పొడవు, 44 మి.మీ. మందం, రంధ్రాలు లేనిది. కింద మూడు జతల కాళ్ళు. నాలుగేళ్ళుగా 70 కిలోలు మోస్తోంది. నాకు తెలిసి మన దగ్గర ఫ్లష్ డోర్ కూడా ఇలా వాడుకోవచ్చు. వడ్రంగి గారూ, సరేనా?

వడ్రంగి (వరంగల్)

బ్రహ్మాండంగా వాడుకోవచ్చు. 35 మి.మీ. ఫ్లష్ డోర్, లోపల నిండు చెక్క బద్దలున్నది అడగండి. డబ్బు తక్కువలో పని అవుతుంది. ఏడడుగుల తలుపును కోస్తే కోసిన అంచుకు చెక్క బద్ద అతికించాలి, అంతే. ఒక మాట మాత్రం: సన్‌మైకా వేస్తే రెండు వైపులా వేయాలి. పైన ఒక్కవైపే వేస్తే, పలక ఏదైనా సరే, ఏడాదిలో పడవలా తిరుగుతుంది. కింద చవకరకం లైనర్ వేసినా చాలు.

సాగరతీరం (విశాఖ)

సముద్రం దగ్గరుండేవాళ్ళ కోసం రాస్తున్నాను. నా ఇనప చట్రానికి రెడ్ ఆక్సైడ్ ఒక్క పూత వేసి రంగు కొట్టారు. రెండో వానాకాలానికే కాళ్ళ అడుగున తుప్పు పెచ్చులు లేచాయి. రెండు పూతలు వేయించండి. కాళ్ళ అడుగున రబ్బరు బూట్లు, పైపు చివరలు మూత పెట్టి వెల్డింగ్. వీలైతే పౌడర్ కోటింగ్.

ఇంకో సంగతి ఎవరూ ప్రస్తావించలేదు. ర్యాకు పరికరాలు ఇనప చట్రానికే బిగించాక నా స్పీకర్లలో సన్నటి హమ్ (గుయ్యిమనే మోత) మొదలైంది. పరికరాల బాడీలన్నీ ఇనుము ద్వారా కలిసిపోయి గ్రౌండ్ లూప్ (ఎర్తు దారులు చుట్టులా కలవడం) అయ్యింది. పరికరాలను ర్యాకుకు బిగించే చెవుల దగ్గర నైలాన్ వాషర్లు వేశాక పోయింది. అసలు మీ ఇంటికి ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో ముందు ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. పాత ఇళ్ళలో ఇనప బల్ల ముట్టుకుంటే జివ్వుమంటుంది. చెమట చేతులతో పాడేవాళ్ళు మైకు పట్టుకుంటారు, దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

గోదారిగట్టు (రాజమండ్రి)

చాలా చాలా థాంక్సండి అందరికీ. శబ్దం గారు అన్నట్టు స్పీకర్లు స్టాండ్ల మీదికి పంపేస్తున్నాను. ఆ మాట చదివాక మిగతా లిస్టు కూడా మళ్ళీ చూసుకున్నాను. ర్యాకును బల్ల మీద ఎందుకు పెట్టాలి? నేల మీద నిలబెట్టి, బల్లకు ఒక కాలుగా వాడుకుంటే? వడ్రంగి గారూ, కొలతలు చెప్పగలరా? పియానో మాత్రం బల్ల కింద సొరుగులా లాగేలా పెడదామనుకుంటున్నాను.

టేకు ఫొటోలు పెట్టాను. ఇల్లు మా తాతగారు కట్టించింది, డెబ్బై ఏళ్ళ పైనే. దూలం ముక్కలు రెండు, తలుపు రెక్కలు నాలుగు ఉన్నాయి.

వడ్రంగి (వరంగల్)

ఫొటో చూశాను. ఆ దూలం ముక్కలు ఎవరికీ ఇవ్వకండి. డెబ్బై ఏళ్ళు ఆరిన కర్ర ఇప్పుడు అడితిలో డబ్బు పెట్టినా దొరకదు. కానీ తలుపు రెక్కలతో ఆరడుగుల పలక కుదరదు, అతుకులు ఎక్కువవుతాయి. పలక ప్లైతోనే చేయండి. దూలాన్ని సామిల్లులో కోయించి, ముందు అంచుకు రెండంగుళాల దళసరి బద్దగా వేయించండి. రోజంతా మణికట్టు ఆనేది అక్కడే. ప్లై అంచు పెళుసు, పెచ్చులు లేస్తుంది. టేకు అంచును చిత్రిక పట్టి మూల గుండ్రం చేస్తే మెత్తగా ఉంటుంది, పలకకు బలమూ వస్తుంది. కోయించే ముందు అయస్కాంతం పెట్టి ప్రతి అంగుళం తడమండి. పాత మేకు ఒక్కటి తగిలినా రంపం పళ్ళు పోతాయి, మిల్లువాళ్ళు మళ్ళీ రానివ్వరు.

ర్యాకు కాలు మంచి ఆలోచన. పరికరం ముఖం వెడల్పు 19 అంగుళాలు, అంటే 482.6 మి.మీ. పెట్టె లోపలి కొలత 485 ఉంచండి. ఒక యూనిట్ 44.45 మి.మీ., పన్నెండింటికి 534 ఎత్తు. 18 మి.మీ. ప్లై పక్కలు కలిపితే బయటికి 521. బల్ల ఎత్తు 29 అంగుళాలు పెట్టుకుంటే కింద గాలికి మూడు నాలుగంగుళాల దిమ్మె కూడా పడుతుంది. వెనక మూయకండి. రాజమండ్రి ఎండలకు యాంప్లిఫయర్ పైన ఒక యూనిట్ ఖాళీ వదలండి.

ఆరడుగుల్లో ర్యాకు పోగా మిగిలే ఎడం నాలుగడుగుల చిల్లర. ఆరు నుంచి నాలుగుకు తగ్గితే పలక వంగడం అయిదో వంతుకు పడిపోతుంది. అదే మీకు అసలు లాభం.

పియానో సొరుగు వద్దు. 88 కీలంటే నాలుగున్నర అడుగుల పొడవు, ర్యాకు పెట్టాక ఆ చోటే లేదు. చోటున్నా నేను చేయను. సొరుగు జారే ఛానెళ్ళు 45 కిలోలు మోస్తాయని రాసి ఉంటుంది నిజమే. సొరుగు బయటికి లాగి గట్టిగా వాయిస్తే ఆ తోపు అంతా ఛానెల్ స్క్రూల మీద పడుతుంది. ఒకాయనకు చేసిచ్చాను, ఏడాదిన్నరకు స్క్రూలు చింపుకుని వచ్చింది. నా ఖర్చుతో విడి స్టాండు చేసిచ్చాను.

పచ్చికర్ర (నర్సీపట్నం)

చెక్క ఆరి ఉండాలన్న మాటకు నా సాక్ష్యం. మా తోటలో పడిపోయిన మామిడి చెట్టు కోయించి మూడు నెలల్లోనే బల్ల పలక చేయించాను. చూడటానికి ఎంత బాగుందో. గదిలో ఏసీ పెట్టాక రెండు నెలలకు పలక మధ్యలో లేచి, అతుకు దగ్గర పోస్టు కార్డు దూరేంత చీలింది. తర్వాత సన్నటి పొడి రాలడం మొదలైంది, పురుగు. ఆ చెట్టు మా అమ్మ నాటింది, అందుకే పారేయబుద్ధి కాలేదు. ముక్కలుగా కోసి మైకు స్టాండ్లకు దిమ్మెలు చేసుకున్నాను. ఒంటి చెక్క పలక వేసేవాళ్ళు చట్రానికి బిగించేచోట గుండ్రటి బెజ్జం కాకుండా కోలగా వేయించండి. కాలాన్ని బట్టి చెక్క పెరిగి తగ్గడానికి చోటుండాలి.

గోదారిగట్టు (రాజమండ్రి)

ఏడు వారాల తర్వాత రాస్తున్నాను. బల్ల పూర్తయిందండి.

36 మి.మీ. ప్లై పలక, కింద ముందూ వెనకా 40 × 40 పైపు, కుడివైపు ర్యాకు పెట్టె, ఎడమవైపు ఇనప కాలు, వెనక ఎనిమిది అంగుళాల ప్లై పలక. ఇసుక మా పిల్లలే జల్లించారు. దూలంలో పదకొండు మేకులు దొరికాయి. ఒకటి చేత్తో కొట్టి చేసిన పాతకాలపు మేకు, దాన్ని నాన్నగారు అడిగి తీసుకున్నారు. మిల్లులో కోస్తుంటే పైన నల్లగా ఉన్న కర్ర లోపల తేనె రంగులో బయటపడింది. గదంతా ఇప్పటికీ టేకు వాసన.

స్పీకర్లు, పియానో, ర్యాకు తీసేశాక 108 కిలోల్లో పలక మీద మిగిలింది 30 కిలోల చిల్లరే. నేనెంతసేపూ వంద కిలోలు మోసే చెక్క కోసమే వెతికాను. వేరే చోట పెట్టుకోవాల్సినవి ఏవో ఎవరో ఒకరు అడిగేదాకా తట్టలేదు.

డాలస్_తెలుగు (టెక్సాస్)

అభినందనలు! నెల తర్వాత దారం పెట్టి చూసి చెప్పండి.

గోదారిగట్టు (రాజమండ్రి)

మూడు నెలలయిందండి. నిన్న రాత్రి భజన బృందం వెళ్ళాక అదే దారం లాగి పట్టాను, ఒక చివర నాన్నగారు పట్టుకున్నారు. మధ్యలో దారం కింద మామూలు కాగితం దూర్చబోతే దూరలేదు. డప్పు పాట ఒకటి మళ్ళీ మిక్స్ చేస్తున్నాను, కారులో కూడా నిండుగా వినబడుతోంది. వడ్రంగి గారూ, టేకు అంచుకు ఇంకా పాలిష్ వేయించలేదు. వానాకాలం పోయాక వేయించనా, ఇప్పుడే వేయించనా?

వడ్రంగి (వరంగల్)

వానలు తగ్గనివ్వండి. అప్పటిదాకా చెమట చెయ్యి తగిలేచోట పల్చగా నూనె రాసి, గుడ్డతో తుడిచేయండి.